సమాధానం: జాంగో గర్ల్స్‌లో కోచ్‌గా చేరడానికి నాకొచ్చిన పైథాన్ సరిపోతుందా?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఏడాది అనుభవంతో జాంగో గర్ల్స్‌లో వాలంటీర్ కోచ్‌గా, అంటే నేర్పేవాళ్లుగా, చేరొచ్చా అని అడిగారు. తప్పకుండా చేరొచ్చండీ. 2014లో బెర్లిన్‌లో మొదలైన ఈ వర్క్‌షాపులు ముఖ్యంగా కోడ్ ఎప్పుడూ రాయని ఆడవాళ్ల కోసం. ఒక్కో కోచ్ దగ్గర ముగ్గురే కూర్చుంటారు. వాళ్లతో పైథాన్‌లో చిన్న బ్లాగు తయారు చేయించి, ఇంటర్నెట్‌లో పెట్టించాలి.

ముందు జాంగో గర్ల్స్ ఉచిత ట్యుటోరియల్‌ను మొదటి నుంచి చివరిదాకా మీరే చేసి చూడండి, ముఖ్యంగా విండోస్‌లో ఇన్‌స్టలేషన్. అసలు టెన్షనంతా అక్కడే! తర్వాత వాళ్ల సైట్‌లో రాబోయే ఈవెంట్లు చూసి, నిర్వాహకులకు మెయిల్ పెట్టండి.

నేర్పేటప్పుడు మాత్రం ఎంత ఆలస్యమైనా నేర్చుకునేవాళ్ల కీబోర్డు మీరు అందుకోకండి. తన చేత్తో టైప్ చేసిన పేజీ తెరుచుకుంటేనే ఆ అమ్మాయికి ధైర్యం వస్తుంది. దగ్గర్లో ఈవెంట్ లేకపోతే మీరే ఒకటి పెట్టొచ్చు, దానికి నిర్వాహకుల మాన్యువల్ కూడా ఉచితమే. ఒకరిద్దరు స్నేహితులను కలుపుకోండి.