పుచ్చిన చెట్టు గురించి రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి,

నీ వ్యాసం చదివాను. పెరట్లో చెట్టు కొట్టించక తప్పదన్న దిగులు మొదటి వాక్యానికే తెలిసిపోయింది. ఆ తర్వాతి పేజీలన్నీ కూడా ఆ దిగులే. చెట్టును తల్లి అన్నావు, తపస్వి అన్నావు, మౌనసాక్షి అన్నావు. అందులో ఎవరు కాపురముంటున్నారో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ‘ఎన్నో పక్షులకు నీడ’ అంటే ఎలాగమ్మా? ఏ పక్షి, ఏ కొమ్మ మీద, ఏ వేళప్పుడు?

కొట్టడానికి ఇంకా వ్యవధి ఉందన్నావు కాబట్టి ఇదంతా చెప్తున్నాను. కాగితాలు పక్కన పెట్టి, చెట్టు బాగా కనబడే చోట కుర్చీ వేసుకో. రోజూ అదే చోటు. పొద్దు పొడిచేటప్పుడు కాసేపు, మసక చీకటి పడేటప్పుడు కాసేపు. మిట్టమధ్యాహ్నం చాలా ప్రాణులు కునుకు తీస్తుంటాయి, నువ్వూ తియ్యి. తొర్ర దగ్గరికి మాత్రం వెళ్లకు. నువ్వు పదేపదే తొంగిచూసే చోటు కాకుల కంట పడిందంటే లోపలి పిల్లలు దక్కకపోవచ్చు.

దూరం నుంచే తొర్ర మూతి చూడు. కొత్తగా తొలిచినదైతే అంచు లేత రంగులో ఉంటుంది, కింద నేల మీద చెక్కపొట్టు రాలి ఉంటుంది. మాను మీద ఉంటే వడ్రంగిపిట్ట పని కావచ్చు. అడ్డంగా సాగిన ఎండుకొమ్మకు అడుగువైపు ఉంటే కంసాలిపిట్ట అనుకోవచ్చు. పాత తొర్రయితే రాకపోకలకు అరిగి అంచు నునుపు తేలుతుంది. తొలిచేది ఒకరు, కాపురం ఇంకొకరిది. గోరింకలు, చిన్న గుడ్లగూబలు సొంతంగా కొయ్య తొలవలేవు. చిలుక మహా అయితే ఉన్న రంధ్రాన్ని కొరికి వెడల్పు చేసుకుంటుంది.

తల్లిపిట్ట లోపలికి వెళ్లేటప్పుడు ముక్కున పురుగు ఉందా లేదా అని అందరూ చూస్తారు. నువ్వు బయటికొచ్చేటప్పుడు చూడు. చాలా జాతుల్లో పిల్లల రెట్ట పల్చటి తెల్లటి పొరలో మూట కట్టుకుని వస్తుంది. దాన్ని తల్లో తండ్రో ముక్కున పట్టుకుపోయి దూరంగా పారేస్తుంది. ఆ తెల్లమూట కనబడిందంటే లోపల పిల్లలున్నట్టే. ఆ ఒక్క సంగతీ రాస్తే నీ ‘మాతృత్వపు మమకారం’ పేరా మొత్తం కొట్టేసుకోవచ్చు.

చెట్టు కింద నేల కూడా చూడు. గుడ్లగూబ తనకు అరగనివన్నీ ఉండ చేసి కక్కేస్తుంది. ఎండిన ఉండ దొరికితే పుల్లతో విడదియ్యి. పెంకుపురుగుల రెక్కల ముక్కలు తళుక్కుమంటాయి. అదృష్టం ఉంటే పసుపుపచ్చటి పంటితో సహా ఎలుక దవడ బయటపడుతుంది. (తర్వాత చేతులు కడుక్కో. ఇది రచయితగా కాదు, పెద్దదాన్నిగా చెప్తున్నాను.)

ఇక అసలు సంగతి. చెట్టు ఎందుకు కొట్టాలో ‘పుచ్చిపోయింది’ అని ఒక్క మాటలో దాటేశావు. నీ వ్యాసం ఉన్నది అక్కడే. మొదలు దగ్గర గట్టిగా, గోధుమరంగులో పొడుచుకొచ్చిన పుట్టగొడుగు ఉందన్నావు కదా, దాని అసలు ఒళ్లంతా కొయ్యలోనే ఉంటుంది. అది అక్కడ ఎన్నాళ్లుగా తింటోందో పైకి తెలియదు. నడిమి చేవ ఎటూ ప్రాణం లేని కొయ్యే. నీళ్లు పైకెక్కేది దాని చుట్టూ ఉన్న లేత కొయ్యలోంచి, ఆకులు వండిన చక్కెర కిందికి దిగేది బెరడు లోపలి పొరలోంచి. అందుకే లోపల డొల్లయినా పైన పచ్చగానే ఉంటుంది. వేళ్లు పుచ్చితే ఆ పచ్చటి చెట్టే ఒక గాలికి కూలిపోతుంది.

అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో రంపంతో చెట్లను నిలువునా కోసి చూసినవాడు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, పుచ్చు పాకకుండా చుట్టూ అడ్డుగోడలు కట్టుకుంటుంది అని ఆయన 1977లో వివరంగా రాశాడు. దెబ్బతిన్న భాగం లోపల అలాగే ఉండిపోతుంది, మెత్తబడుతుంది, డొల్లవుతుంది. చిలుకల్లాంటివి చేరేది అలాంటి డొల్లలోకే. చెట్టు కొట్టాల్సి రావడానికీ, ఇన్ని ప్రాణులు దాన్ని పట్టుకుని ఉండటానికీ కారణం ఒకటే అన్నమాట. ఇది రాయగలిగితే ఏడుపు అక్కర్లేదు, దుర్మార్గుడూ అక్కర్లేదు. మీ నాన్నగారిని కసాయిని చేశావు. ఇంటి మీద పడుతుందనే కదా పాపం ఆయన భయం!

చెట్టు ఆగగలిగే స్థితిలో ఉంటే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగమని ఆయన్ని అడుగు. కొట్టేవాళ్లు ఎక్కకముందే ఏ కొమ్మలో తొర్రలున్నాయో చూపించు. ఆ ముక్కల్ని తాళ్లు కట్టి మెల్లగా దింపమను. ఉడుతకు సందు దొరికితే పిల్లల్ని నోట కరుచుకుని వేరే గూటికి చేర్చుకుంటుంది. గోరింకకు ఆ దారి లేదు. మొద్దుల్లో కొన్నిటిని పెరటి మూల పడి ఉండనివ్వమని కూడా అడుగు. ఎండుకొయ్యంతా ఏరేస్తే అడవి జంతుజాలంలో అయిదో వంతుకు పైగా పోవచ్చని ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ ఎల్టన్ 1966లోనే అంచనా వేశాడు. ఆ మాట చెప్తే ఒప్పుకుంటారేమో.

మొద్దు మీద వలయాలు లెక్కపెట్టి చెట్టు వయసు రాసెయ్యకు. టేకు లాంటి కొన్నిటిని వదిలేస్తే, వేడి ప్రాంతాల చెట్లలో చాలావాటికి ఏడాదికొకటి చొప్పున వలయం పడుతుందన్న నమ్మకం లేదు. పైగా నీ చెట్టుకు నడిమి భాగమే లేదాయె.

కొట్టిన రోజు ఏం జరిగిందో, నీ గురించి ఒక్క వాక్యం కూడా లేకుండా రాసి పంపు. నువ్వు ఎక్కడ రావాలో తర్వాత చూద్దాం. పాత ప్రతి చించెయ్యకు, ఆ పుట్టగొడుగు వాక్యం నాకు కావాలి.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య