కార్డులో లిమిట్ ఉంటే చేతిలో డబ్బు ఉన్నట్టేనా?

ప్రశ్న: సార్, నేను డాలస్ దగ్గర ఎంఎస్ మూడో సెమిస్టర్ చదువుతున్నాను. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో ఫ్రెండ్‌తో కలిసి అతని కారులో బిగ్ బెండ్ నేషనల్ పార్క్‌కు క్యాంపింగ్‌కు వెళ్దామనుకుంటున్నాను. నా వాటా 650 డాలర్లు. అందులో టెంట్, స్లీపింగ్ బ్యాగ్ లాంటి సామాన్లకు 330, కారు టైర్ల ఖర్చులో సగం 150, మిగతాది దారి ఖర్చులు. బ్యాంకులో 900 ఉన్నాయి. వాటిని కదపకుండా క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీసుకుని నెలకు 100 చొప్పున తీర్చేద్దామని ఆలోచన. లిమిట్ 2,000 ఉంది కాబట్టి ఎమర్జెన్సీకి కూడా ఇబ్బంది లేదు. క్యాంపస్ జాబ్‌లో నెలకు 700 వస్తాయి, ఖర్చు 850, తేడా నాన్న పంపుతారు. ఎడ్యుకేషన్ లోన్ ఇప్పటికి 24 లక్షలు, వడ్డీ 11.5 శాతం. యూనివర్సిటీ హెల్త్ ఇన్సూరెన్స్ వద్దని బయట చౌక ప్లాన్ తీసుకున్నాను. డిడక్టబుల్, అంటే కంపెనీ ఇచ్చే ముందు నా జేబులోంచి కట్టాల్సింది, 500, గరిష్ఠ కవర్ 50,000 డాలర్లు. కార్డు వాడటం మంచిదా, నాన్నను అడగడం మంచిదా?

జవాబు: ట్రిప్ కోసమైతే రెండూ వద్దు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఆ ప్రశ్న కోసం కాదు, మధ్యలో రాసిన ఒక్క మాట కోసం. లిమిట్ ఉంది కాబట్టి ఎమర్జెన్సీకి ఇబ్బంది లేదన్నారు. విదేశాల్లో చదువుతున్న పిల్లలు చాలామంది నాతో ఇదే అంటారు. విన్న ప్రతిసారీ భయం వేస్తుంది. లిమిట్ అంటే బ్యాంకు మీకు ఇస్తానన్న అప్పు. రేపు కాలు విరిగిన రోజున దాన్నే గీకితే, నొప్పితో పాటు వడ్డీ కూడా మొదలవుతుంది. పైగా క్యాష్ తీసుకోవడానికి ఉండే లిమిట్ మొత్తం లిమిట్ కన్నా చాలా తక్కువగా ఉంటుంది. మీ స్టేట్‌మెంట్‌లో చూసుకోండి.

క్యాష్ అడ్వాన్స్ ఆలోచన ఇక్కడితో వదిలేయండి. తీసుకున్నప్పుడే ఫీజు పడుతుంది, మొదటి రోజు నుంచే వడ్డీ, అదీ మామూలు కొనుగోళ్ల కన్నా ఎక్కువ. మీ లెక్కే చూడండి. 700 వస్తున్నాయి, 850 పోతున్నాయి. నెలకు 100 ఎక్కడి నుంచి కడతారు? అంటే చివరికి అది కూడా నాన్నే కట్టాలి, ఆయనకు తెలియకుండా. ఇప్పటికే మీ 24 లక్షల మీద నెలకు 23,000 రూపాయల వడ్డీ పెరుగుతోంది. దానిపై సరదా కోసం ఇంకో అప్పు పెట్టడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

ఇప్పుడు ఇన్సూరెన్స్. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. బిగ్ బెండ్ మెక్సికో సరిహద్దులో, రియో గ్రాండే ఒడ్డున ఉన్న ఎడారి. దగ్గరి ఆసుపత్రి ఆల్పైన్ ఊళ్లో, సుమారు 160 కిలోమీటర్ల దూరంలో. అక్కడ రాయి మీద కాలు జారితే అంబులెన్స్ ఎంత దూరం తిరగాలో ఊహించండి, ఒక్కోసారి హెలికాప్టరే రావాలి. 2022 జనవరి నుంచి అమెరికాలో అమలవుతున్న చట్టం ఒకటి, ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం లేని ఎయిర్ అంబులెన్సులు రోగి మీద అదనపు బిల్లు వేయకుండా కాపాడుతుంది. కానీ రోడ్డు మీద వచ్చే అంబులెన్సుకు అది వర్తించదు. షార్ట్ టర్మ్ ప్లాన్లకూ, ట్రావెల్ పాలసీ తరహా చౌక ప్లాన్లకూ వర్తించదు. మీది ఆ కోవలోదేనని నా అనుమానం.

మీ 50,000 కవర్ ఎంత తక్కువో ఇలా చూడండి. అమెరికా ప్రభుత్వం జే-1 వీసా (ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల మీద వచ్చేవాళ్ల వీసా) వాళ్లకు ఒక్కో ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల కవర్, వైద్య అవసరానికి తరలించడానికి 50,000, మరణిస్తే స్వదేశానికి పంపడానికి 25,000 ఉండాలని నిబంధన పెట్టింది. మీలాంటి విద్యార్థుల వీసా అయిన ఎఫ్-1 వాళ్లకు అలాంటి నిబంధన లేదు. లేదు కాబట్టే మనవాళ్లు నాలుగు డాలర్లు మిగులుతాయని యూనివర్సిటీ ప్లాన్ వదిలేస్తున్నారు. తర్వాత ఏదైనా జరిగితే ఊళ్లో వాట్సాప్ గ్రూపుల్లో విరాళాల లింకులు తిరుగుతాయి. అలాంటి లింకు నా ఫోన్‌కు వచ్చిన ప్రతిసారీ ఆ తల్లిదండ్రులే కళ్ల ముందు మెదులుతారు.

స్ప్రింగ్ సెమిస్టర్‌కు యూనివర్సిటీ ప్లాన్‌లో చేరే వీలుందా అని ఇంటర్నేషనల్ ఆఫీసులో ఈ వారమే అడగండి. ప్రీమియం బరువే, తెలుసు. మీ ఎడ్యుకేషన్ లోన్‌లో ఇంకా విడుదల కాని మొత్తం నుంచి ఇన్సూరెన్స్ కింద ఇప్పించమని బ్యాంకును అడగండి, ఈ ఒక్క అప్పుకు నేను అడ్డు చెప్పను. నాన్నను కూడా దీనికి అడగండి, సంకోచం వద్దు.

కారు సంగతి. టెక్సస్‌లో చట్టం అడిగే కనీస పాలసీ అవతలివాళ్ల నష్టానికే: ఒక మనిషి గాయాలకు 30,000, ఒక ప్రమాదానికి మొత్తం 60,000, ఆస్తి నష్టానికి 25,000. పక్క సీట్లో ఉన్న మీ వైద్యానికి పీఐపీ అనే కవర్ ఉంటుంది. కంపెనీ దాన్ని ఇవ్వజూపాలి, వద్దనుకునేవాళ్లు రాతపూర్వకంగా చెప్పాలి. మీ ఫ్రెండ్ వద్దని సంతకం పెట్టాడేమో కనుక్కోండి. దాదాపు 900 కిలోమీటర్ల దారిలో మీరూ స్టీరింగ్ పట్టుకుంటారు కదా, పాలసీ అందులో పేరు రాసి ఉన్న డ్రైవర్లకే పరిమితమా అన్నది కూడా చూడాలి.

ఇక అత్యవసర నిధి. మీ వయసులో ఆరు నెలల ఖర్చు దాచమని చెప్పను, కుదరదు. రెండు నెలల ఖర్చు 1,700, డిడక్టబుల్ 500, హఠాత్తుగా హైదరాబాద్ రావాల్సి వస్తే టికెట్‌కు ఒక 1,000. మొత్తం 3,200. మీ దగ్గర ఉన్నది 900. మొదటి మెట్టుగా 2,200 చేరండి, టికెట్ డబ్బు తర్వాత చూద్దాం. చలికాలం సెలవుల్లో క్యాంపస్‌లోనే వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి ఎఫ్-1 వాళ్లకు అనుమతి ఉంటుంది, మీ డిపార్ట్‌మెంట్‌లో ఇప్పుడే పేరు ఇవ్వండి. దీని కోసం అనుమతి లేకుండా బయట గ్యాస్ స్టేషన్‌లో క్యాష్ పనికి మాత్రం వెళ్లకండి. వీసా పోతే ఆ 24 లక్షలు తీర్చే దారే మూసుకుపోతుంది.

ట్రిప్‌ను మార్చి నెలలో వచ్చే స్ప్రింగ్ బ్రేక్ సెలవులకు వాయిదా వేసుకోండి. మీ 650లో అసలు ప్రయాణం 170 మాత్రమే, మిగతాది సామాన్లు, టైర్లు. టెంట్లు, స్లీపింగ్ బ్యాగులు చాలా యూనివర్సిటీల రిక్రియేషన్ సెంటర్లు అద్దెకిస్తాయి. టైర్లు కారు యజమాని ఖర్చు, మీరు పెట్రోలులో సగం ఇస్తే న్యాయమే. పార్క్ ప్రవేశం కారుకు 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. మార్చిలో రద్దీ ఎక్కువ, క్యాంప్ సైట్ ముందే బుక్ చేయాలి. అప్పటికి 2,200 దాటితే 170 సొంత డబ్బుతో హాయిగా వెళ్లి రండి, ఆ ఎడారిలో రాత్రి ఆకాశం చూడాల్సిందే.

కొత్త ఇన్సూరెన్స్ కార్డు ఫొటో నాన్నకూ, రూమ్మేట్‌కూ పంపండి. పార్కులో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, కాబట్టి పాలసీ నంబరు, కంపెనీ ఫోన్ నంబరు కాగితం మీద రాసి మీరూ, మీ ఫ్రెండూ జేబులో పెట్టుకోండి.