జీఎస్టీ సంగతి సరే, సోర్స్ కోడ్ ఏది?

ప్రశ్న: హనుమకొండలో చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నడుపుతున్నాను. లినక్స్ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే బిల్లింగ్ పరికరాన్ని ఎనుమాముల మార్కెట్ వ్యాపారులకు అమ్ముతున్నాం. అందులోని ఒక లైబ్రరీ (వేరేవారు రాయగా మేం వాడుకున్న కోడ్) లైసెన్సులో ‘వాడేవారు దేశ చట్టాలన్నీ పాటించాలి’ అని ఉంది. కొన్న వ్యాపారి జీఎస్టీ ఎగ్గొడితే మా లైసెన్సు పోతుందా?

జవాబు: ఈ భయంతో ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. పన్ను ఎగ్గొట్టినవాణ్ణి పట్టుకోవడానికి చట్టానికి లైసెన్సు సాయం అక్కర్లేదు. ఆ వాక్యం గుర్తుచేయడమా, షరతా అన్నదే తేల్చుకోవాలి. ‘చట్టాలు పాటిస్తేనే వాడుకునే హక్కు’ అని రాసి ఉంటే షరతే. అప్పుడు ఆ వ్యాపారి పన్నుతో పాటు కాపీరైట్ గొడవలోనూ ఇరుక్కోవచ్చు. ఎగుమతి ఆంక్షలను సైతం వాడకానికి షరతుగా పెట్టకూడదని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఇచ్చిన నిర్వచనం చెబుతోంది. పైగా జీపీఎల్ (ప్రోగ్రాముతో పాటు దాని సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌ను, అందించాలనే ఆ ఫౌండేషన్ లైసెన్సు) కింద ఉన్న కోడ్‌తో కలిపి పంచేటప్పుడు అదనపు ఆంక్షలు చెల్లవు. షరతే అయితే ఆ లైబ్రరీ మార్చేయండి.

చట్టం ప్రస్తావన నిజంగా బరువైనది 1991 నాటి జీపీఎల్ రెండో వెర్షన్ ఏడో సెక్షన్‌లో ఉంది. కోర్టు తీర్పు వల్లో పేటెంటు వల్లో లైసెన్సు షరతులు నెరవేర్చలేకపోతే, ప్రోగ్రామును అసలు పంచకూడదు. దీన్నే తిరగేసి ‘చట్టం అడ్డొచ్చింది, సోర్స్ ఇవ్వం’ అనేవారున్నారు. అది చదవడం కాదు, తప్పించుకోవడం.

మీ ఉత్తరంలో సోర్స్ కోడ్ ఊసే లేదు. లినక్స్ కెర్నల్ (ఆ సిస్టమ్ గుండెకాయ) జీపీఎల్ రెండో వెర్షన్ కిందే ఉంది. పెట్టెతో పాటు సోర్స్ ఇవ్వాలి, లేదా కనీసం మూడేళ్లు చెల్లే లిఖిత హామీ ఇవ్వాలి. నన్ను కలవరపెట్టేది ఇక్కడే. ఇలాంటి పెట్టెల్లో ఏ సాఫ్ట్‌వేర్, ఏ లైసెన్సు అని చెప్పాల్సిన ‘గురించి’ పేజీ ఖాళీ, అన్నింటికీ ఒకటే అడ్మిన్ పాస్‌వర్డ్, ఏళ్లనాటి కెర్నల్. 2014లో, నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడింది. దాంతో సర్వర్ మెమరీలోని రహస్యాలు బయటివారు చదవగలిగేవారు. మీ పెట్టెలో ఏ వెర్షన్ ఉందో మీకే తెలియకపోతే, రేపు అలాంటిది మరొకటి వస్తే ఎవరు సరిచేస్తారు? అమ్మిన సంస్థ మూతపడితే ఆ సోర్స్‌తోనే మరొకరు మరమ్మతు చేయాలి.

ముందు లైబ్రరీ, వెర్షన్, లైసెన్సు ఒక ఫైలులో రాసుకోండి. సోర్స్ హామీ పత్రాన్ని ప్రతి పెట్టెలో పెట్టండి. అడుగున అంటించే స్టిక్కరులో సోర్స్ దొరికే చిరునామా వేయండి. మీ జీఎస్టీ నంబరుకు, కస్టమర్ కేర్ నంబరుకు చోటు దొరికినప్పుడు దీనికీ దొరుకుతుంది.