రొయ్యలు పెట్టొచ్చు, రొయ్యల ఇగురు పెట్టకూడదు

ఇంట్లో పిల్లి, కుక్క, కుందేలు, లవ్ బర్డ్స్ ఉన్నాయి, మేం తినే రొయ్యలు, పీతలు వాటికీ పెట్టొచ్చా అని అడిగారు. పిల్లికి, కుక్కకి పెట్టొచ్చు. కుందేలుకి అస్సలు వద్దు, దాని పొట్ట గడ్డికి, ఆకులకే తప్ప మాంసానికి తగింది కాదు.

మాది భీమవరం వైపు, చెరువు రొయ్యలు ఇంటికి తరచూ వస్తాయి. అమ్మ తల, పొట్టు, తోక, వీపు మీది నల్ల నరం తీసేసి, కూర పొయ్యి మీద పెట్టకముందే రెండు మూడు రొయ్యలు పక్కకు తీస్తుంది. వాటిని ఉప్పు, కారం లేకుండా ఉత్త నీళ్లలో బాగా ఉడికించి, చల్లారాక చిన్న ముక్కలు చేసి పిల్లికి, కుక్కకి పెడుతుంది. ఇది చిరుతిండి మాత్రమే. రోజు తిండిలో పదో వంతు దాటనివ్వకండి.

నాకు టెన్షన్ అంతా మన కూరతోనే. ఉల్లి, వెల్లుల్లి లేని ఇగురు ఉండదు కదా! అవి కుక్కల్లో, పిల్లుల్లో ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి, పిల్లులకైతే కొంచెం చాలు. పైగా చాలాసార్లు తిన్నరోజు ఏమీ తెలియదు. కొన్ని రోజులకి నీరసం, చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తాయి. అప్పటికి ఆ కూర సంగతి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ముక్కలు కడిగి పెట్టినా లాభం లేదు, మసాలా లోపలికి దిగిపోయి ఉంటుంది.

పచ్చివి కూడా వద్దు. బాక్టీరియా భయం ఒకటి, పచ్చి గుల్లల్లాంటి వాటిలో బి1 విటమిన్‌ను పాడుచేసే థయమినేజ్ ఇంకొకటి. ఎండు రొయ్యల్లో ఉప్పు ఎక్కువ.

పీత అయితే గుజ్జు మాత్రమే. మా పక్కింటి కుక్క చెత్తలోంచి పీత డిప్పలు నమిలి మింగేసి ఒకటే వాంతులు చేసుకుంది. పేగులో అడ్డుపడ్డాయేమోనని ఎక్స్‌రే తీయాల్సి వచ్చింది. అందుకే మేం పొట్టు, డిప్పలు మూత ఉన్న బుట్టలోనే వేస్తాం.

లవ్ బర్డ్స్‌కి రొయ్యల అవసరమే లేదు. కాల్షియం కోసం పంజరంలో సముద్రపు నురుగు (కటిల్ బోన్, అంటే కటిల్ ఫిష్ లోపలి తెల్లటి డిప్ప) ముక్క కట్టండి, చాలు.

మొదటిసారి చిన్న ముక్క పెట్టి ఆ రోజంతా గమనించండి. ముఖం వాచినా, ఒళ్లంతా గోక్కుంటున్నా, వాంతులు ఆగకపోయినా వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ఏం తిన్నదో, అందులో ఏమేం వేశారో చెప్పండి.