సమాధానం: మూడు దృక్పథాలకీ బతుకమ్మనే ఉదాహరణగా తీసుకోండి

సమాజశాస్త్రంలో ప్రకార్యవాదం (సమాజాన్ని ఏది కలిపి ఉంచుతుందో చూసేది), సంఘర్షణ సిద్ధాంతం (అధికారం, అసమానత ఎక్కడున్నాయో చూసేది), ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం (మనుషులు వేటికి ఏ అర్థం ఇచ్చుకుంటారో చూసేది) మూడూ ఒకేలా అనిపిస్తున్నాయని, సంస్కృతి మీద జవాబు రాయలేకపోతున్నానని అడిగారు కదండీ. నిర్వచనాలు బట్టీ పట్టకండి. ఒకే పండుగను తీసుకుని మూడు ప్రశ్నలు అడగండి, తేడా తెలిసిపోతుంది.

బతుకమ్మనే చూడండి. ముందు ప్రకార్యవాదం. ఊరి ఆడవాళ్లు కలిసి ఆడితే మనమంతా ఒకటనే భావన బలపడుతుంది. ఆచారాల గురించి 1912లో ఫ్రెంచ్ సమాజశాస్త్రవేత్త డర్క్‌హైమ్ చెప్పిన దారి ఇదే.

సంఘర్షణ దగ్గరే చాలామంది తడబడతారు, కాస్త ఆగి ఆలోచించండి. ఎవరి బతుకమ్మ పెద్దది? ఏ వాడవాళ్లు ఎక్కడ ఆడుతున్నారు? పూలు కోసుకొచ్చేదెవరు? కులం, ఆస్తి అక్కడ కనిపిస్తాయి. తమ సంస్కృతిని చిన్నచూపు చూశారన్న ఆవేదనతో తెలంగాణ ఉద్యమకారులు ఇదే పండుగను రోడ్ల మీదికి తెచ్చారు, 2014లో అది రాష్ట్ర పండుగైంది. అధికారాన్ని ఎదిరించడానికి సంస్కృతి ఎలా పనికొస్తుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు. జవాబులో దీనికే ఎక్కువ చోటివ్వండి.

మూడోదానికి మనుషుల దగ్గరికి వెళ్లండి. పసుపు ముద్ద గౌరమ్మ ఎలా అవుతుంది? అమెరికాలో పెరిగే తెలుగు పిల్లకి ఆ ఆట ఏ అర్థమిస్తుంది?

ప్రకార్యవాదం అసమానతను పెద్దగా పట్టించుకోదన్న విమర్శ కూడా తప్పకుండా రాయండి.