గ్యాస్ కంటే ముందు లీకు సంగతి చూడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కారు ఏసీ సంగతి ఫోనులో చెబితే సగం జారిపోతుందని కాగితం మీద పెడుతున్నాను. ఏటా ఉగాది వెళ్ళగానే గ్యాస్ ఎక్కించుకుంటున్నానని, రోహిణి కార్తె వచ్చేసరికి మళ్ళీ వేడిగాలే వస్తోందని రాశావు. ఆ ఎండలో అక్కయ్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని కాకినాడ నుంచి తిప్పుతున్నావంటే నాకు మనసు ఊరుకోలేదు. ఈసారి పని ఒక్కసారే, సరిగ్గా చేయించు.

ఏసీ గ్యాస్ పెట్రోలు మాదిరి ఖర్చయ్యే వస్తువు కాదు. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడెక్కించి ముందున్న కండెన్సర్‌కు పంపుతుంది, అక్కడ వేడి వదిలి ద్రవంగా మారుతుంది, తేమను పీల్చే డ్రయర్ దాటి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర ఒత్తిడి తగ్గి కూలింగ్ కాయిల్‌లో ఆవిరవుతూ కారులోని వేడిని పీల్చుకుంటుంది. మళ్ళీ కంప్రెసర్‌కే వస్తుంది. రబ్బరు గొట్టాల గుండా, కంప్రెసర్ షాఫ్టు సీలు దగ్గర ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా ఇంకిపోవడం మామూలే. రెండు నెలల్లో ఖాళీ అయిందంటే మాత్రం ఎక్కడో కచ్చితంగా లీకు ఉన్నట్టే. లీకు వెతక్కుండా గ్యాస్ ఎక్కించేవాడు నీ డబ్బును గాలిలోకి వదులుతున్నాడు. నీ కారులో ఉండే ఆర్-134ఏ అనే గ్యాస్ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 1,400 రెట్లు బలమైనది. ఆ కారణంగా కూడా అది గొట్టాల్లోనే ఉండాలి.

మెకానిక్ దగ్గరికి వెళ్ళే ముందు ఇంటి దగ్గర నువ్వే చూడగలిగినవి ఉన్నాయి. కారు పరుగెత్తేటప్పుడు చల్లగా ఉండి సిగ్నల్ దగ్గర ఆగగానే వేడెక్కుతోందా? అయితే ముందు కండెన్సర్ ఫ్యాను చూడు. అది తిరగకపోయినా, నెమ్మదిగా తిరిగినా ఇదే లక్షణం. ఏసీ వేయగానే కంప్రెసర్ ముందున్న క్లచ్ టక్కుమని పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఫ్యూజు, రిలే, ప్రెజర్ స్విచ్ వరుసగా చూడాలి. పట్టుకుని, కొన్ని సెకన్లకే వదిలి, మళ్ళీ పట్టుకుంటూ ఉంటే చాలాసార్లు గ్యాస్ తక్కువని అర్థం. మొదట బాగా చల్లబడి, అరగంట తర్వాత గాలి వేగమే తగ్గిపోతే కాయిల్ మీద మంచు కడుతోంది. అది గ్యాస్ తగ్గినా రావచ్చు, కాయిల్ దగ్గరి ఉష్ణోగ్రత సెన్సరు పాడైనా రావచ్చు. సీటు ముందు కాళ్ళ దగ్గర నీళ్ళు కారుతుంటే అడుగున ఉన్న డ్రెయిన్ గొట్టం మూసుకుపోయింది, సన్నటి తీగతో మెల్లగా తీస్తే సరి.

క్యాబిన్ ఫిల్టరు ఉంటే మార్చు. కండెన్సర్ రేకుల మధ్య మట్టి, పురుగులు పేరుకుని ఉంటాయి. మామూలు పంపు నీటితో కడుగు. సర్వీసింగ్ షాపులో వాడే జోరు ధార దగ్గరగా పడితే ఆ పల్చటి రేకులు వంగిపోతాయి, ఇక వాటి మధ్యనుంచి గాలి పోదు.

ఇక లీకు. పాత కారులో ఎక్కడ వెతకాలో చెబుతాను. గ్యాస్ తనతోపాటు కంప్రెసర్ నూనెను కూడా మోసుకుని తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట జిడ్డు తడి కనిపిస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా ఉంటుంది. గొట్టాల జాయింట్లలోని ఓ-రింగులనే రబ్బరు చుట్లు ఏళ్ళు గడిచేసరికి గట్టిపడి పగులుతాయి. గ్యాస్ ఎక్కించే చోట ఉండే చిన్న వాల్వు పిన్నులు కూడా లీకవుతాయి, సబ్బు నురగ పెడితే అక్కడ బుడగలు కనిపిస్తాయి. వాటి మీది ప్లాస్టిక్ మూతలు పోయి ఉంటే కొత్తవి వేయించు. మీది సముద్రపు ఊరు. ఉప్పు గాలి అల్యూమినియాన్ని తినేస్తుంది, కాబట్టి కండెన్సర్ అడుగు భాగం, దాని అంచులు తప్పకుండా చూపించు.

కూలింగ్ కాయిల్ డాష్‌బోర్డు లోపల దాక్కుని ఉంటుంది కనుక చాలామంది దాని జోలికి పోరు. ఎప్పుడూ తడిగా ఉండి, ఎండుటాకులు, దుమ్ము చేరి అది తుప్పుపడుతుంది. బయట ఎక్కడా లీకు దొరక్కపోతే నా అనుమానం మొదట దాని మీదే. గ్యాస్ గాలి కంటే బరువు కాబట్టి బండి కాసేపు ఆపి ఉంచి, డ్రెయిన్ గొట్టం దగ్గర ఎలక్ట్రానిక్ లీక్ డిటెక్టర్ పెడితే బయటపడుతుంది. పాత కాయిల్‌కు వెల్డింగు వేయించకు. ఒక చిల్లు పడిన కాయిల్‌కు పక్కనే రెండోది సిద్ధంగా ఉంటుంది. కొన్ని కార్లలో గ్లవ్ బాక్స్ తీస్తే చాలు, కొన్నిటిలో డాష్‌బోర్డు మొత్తం విప్పాలి. ఎలాగూ విప్పిన తర్వాత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా కొత్తది వేయించు, అందుకోసం రెండోసారి విప్పించుకోకూడదు. లీకును మూస్తాయని అమ్మే ద్రవాలు మాత్రం పోయించకు. అవి వాల్వులో గడ్డకట్టి కూర్చుంటాయి, మెకానిక్ మీటర్లను కూడా పాడుచేస్తాయి.

లీకు పరీక్ష నైట్రోజన్‌తో చేయమని అడుగు. రెగ్యులేటరు పెట్టి 150 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దాకా నింపి, కొన్ని గంటలు వదిలి, మీటరు ముల్లు పడిపోయిందేమో చూడాలి. ఆక్సిజన్ సిలిండరు పెట్టబోతే అక్కడినుంచి బండి తీసుకుని వచ్చేయ్, నూనె ఉన్న చోట ఒత్తిడితో ఆక్సిజన్ కలిస్తే పేలుతుంది.

రిపేరు కోసం గొట్టాలు విప్పారంటే డ్రయర్ కొత్తది పడాలి. లోపలి తేమను పీల్చే గుళికలు అందులో ఉంటాయి, గాలి తగిలాక వాటి సత్తా పోతుంది. కంప్రెసరే అరిగి పొడి రాలి ఉంటే పని పెద్దది. ఆ పొడి కండెన్సర్ సన్నటి గొట్టాల్లో చిక్కుకుంటే ఎంత కడిగినా రాదు, కండెన్సర్ కూడా మార్చాలి. లేకపోతే కొత్త కంప్రెసర్ కూడా అదే పొడి తిని పోతుంది. పోయించే నూనె కంప్రెసర్ మీద రాసిన రకమే ఉండాలి. ఆర్-134ఏ కార్లలో చాలావాటికి పీఏజీ అనే రకం నూనె, అందులోనూ చిక్కదనాన్ని బట్టి రకాలున్నాయి.

గ్యాస్ ఎక్కించే ముందు లోపలి గాలిని, తేమను పంపుతో లాగేయాలి, దాన్నే వ్యాక్యూమ్ అంటారు. అక్కడే తొందరపడతారు. అయిదు నిమిషాలు పెట్టి చాలంటారు. అది చాలదు. లోపల తేమ మిగిలితే వాల్వు దగ్గర గడ్డకట్టి ఉన్నట్టుండి చల్లదనం ఆగిపోతుంది, కాసేపటికి మళ్ళీ వస్తుంది. అదే తేమ నూనెతో కలిసి ఆమ్లమై లోహాన్ని తింటుంది. ఒత్తిడి బాగా తగ్గితే మామూలు వేడికే నీరు మరిగి ఆవిరై బయటికి వస్తుంది, అందుకు సమయం కావాలి. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో కాకుండా అసలైన వ్యాక్యూమ్ పంపుతో కనీసం 30 నుంచి 45 నిమిషాలు లాగాలి. తర్వాత వాల్వులు మూసి, పంపు ఆపి, మరో 20 నిమిషాలు ముల్లు కదలకుండా ఉందో లేదో నువ్వే చూడు. అయితే వ్యాక్యూమ్ నిలిచినంత మాత్రాన లీకు లేదనుకోకు. అక్కడ పరీక్షకు వచ్చేది 15 పీఎస్ఐ లోపు తేడా మాత్రమే, బండి నడిచేటప్పుడు లోపల 200 దాటుతుంది. నైట్రోజన్ పరీక్ష అడగమన్నది అందుకే.

గ్యాస్ తూకం వేసి ఎక్కించాలి. బానెట్ కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాములో ఉంటుంది, చిన్న కార్లలో సాధారణంగా 400 నుంచి 550 మధ్య. స్టిక్కరు పోతే కంపెనీ మాన్యువల్‌లో చూడు. ఆపి ఉన్న బండిలో మీటరు చూసి గ్యాస్ ఎంత ఉందో చెప్పేవాణ్ణి నమ్మకు. లోపల కాస్త ద్రవం ఉన్నంతవరకు ఒత్తిడి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది. 35 డిగ్రీల ఎండలో గ్యాస్ సగమే ఉన్నా, నిండుగా ఉన్నా ముల్లు దాదాపు 115 పీఎస్ఐ దగ్గరే నిలుస్తుంది. ఎక్కువ పోస్తే ఎక్కువ చల్లదనం అన్నది కూడా నిజం కాదు. కండెన్సర్ ద్రవంతో నిండిపోయి వేడి వదలడానికి చోటుండదు, కంప్రెసర్ మీద భారం పడుతుంది.

ఆన్‌లైన్‌లో డబ్బా, గొట్టం కొని ఇంట్లో ఎక్కించుకుంటానన్నావు. వద్దు నాయనా. ద్రవంగా ఉన్న ఆ గ్యాస్ మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. కంప్రెసర్ తిరుగుతుండగా పొరపాటున డబ్బాను ఎక్కువ ఒత్తిడి ఉండే హై సైడుకు తగిలిస్తే పేలవచ్చు. పైగా మార్కెట్లో నకిలీ డబ్బాలున్నాయి. వంటగ్యాస్ లాంటివి కలిపినవి నిప్పుకు అంటుకుంటాయి, మిథైల్ క్లోరైడ్ కలిపినవి అల్యూమినియంతో చర్య జరిపి మరీ ప్రమాదం. సీలు ఉన్న సిలిండరు చూపించిన చోటే ఎక్కించుకో.

అంతా అయ్యాక అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగేలా పెట్టి, ఇంజను 1,500 ఆర్‌పీఎం మీద ఉంచి చూడాలి. 38, 40 డిగ్రీల ఎండలో తక్కువ ఒత్తిడి ఉండే లో సైడు 30–45, హై సైడు 200–250 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు. థర్మామీటరు మధ్య గాలి రంధ్రంలో పెట్టు. మీ ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువ, ఆ తేమను నీరుగా మార్చడానికే ఏసీ శక్తి కొంత పోతుంది. కాబట్టి మిట్టమధ్యాహ్నం 10, 12 డిగ్రీలు వచ్చినా కంగారుపడకు.

చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడుపు. నూనె తిరిగితేనే షాఫ్టు సీలు ఎండకుండా ఉంటుంది.

బిల్లు మీద ఎన్ని గ్రాములు ఎక్కించారో, రెండు మీటర్లలో ఎంత చూపించిందో రాయించుకుని నాకు ఫోటో పంపు. లీకు ఎక్కడ దొరికిందో కూడా చెప్పు. కాయిల్ అని తేలితే పని మొదలుపెట్టించే ముందే ఫోను చేయి, ఆటోనగర్‌లో మంచి కాయిల్ దొరికితే నేనే చూసి బస్సులో వేస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య, విజయవాడ