పద్దు ఎవరు అడుగుతారు, లెక్క ఎవరు అడుగుతారు?

సందేహం: నేను గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నాను. బడ్జెట్ సమావేశాల వార్తలు చదివేటప్పుడు కొన్ని మాటల దగ్గర తికమకపడుతున్నాను. ‘రాష్ట్ర పద్దు’ అని ఒకచోట, ‘విద్యాశాఖ పద్దుపై చర్చ’ అని ఇంకోచోట, ‘ప్రజా పద్దుల సంఘం’ అని మరోచోట రాస్తున్నారు. ఈ మూడు పద్దులూ ఒకటేనా? ‘ప్రజా పద్దులు’ తప్పు సమాసమని మా మాస్టారు అంటారు, నిజమేనా? సభ్యులు మంత్రిని ‘అడిగారు’, ‘ప్రశ్నించారు’, ‘నిలదీశారు’ అని ఒకే వార్తను ఒక్కో పత్రిక ఒక్కోలా రాస్తుంది. వీటిలో ఏది సరైనది? చివరగా, వాయిదా తీర్మానాన్ని తిరస్కరించారంటే సభ వాయిదా పడలేదని అర్థమా?
ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందు పద్దు సంగతి చూద్దాం. అది తేలితే మిగిలినవాటిలో సగం తేలినట్టే.

లెక్కల పుస్తకంలో రాసుకునే ఒక్కో అంశాన్నీ పద్దు అంటాం. ఊళ్లో కిరాణా కొట్టుకి వెళ్లి పప్పూ నూనే తెచ్చుకుని ‘మా పద్దులో రాసుకో’ అని చెప్పి వస్తాం. కొట్టాయన మన పేరున్న పేజీ తీసి తేదీ, సరుకు, ధర వరసగా రాస్తాడు. బాకీ తీర్చినప్పుడు ఆ పద్దు కొట్టేస్తాడు. జమ పద్దు వేరు, ఖర్చు పద్దు వేరు. నెలాఖరున మొత్తం ఇంతయింది అని నోటితో చెబితే మనం నోరెళ్లబెట్టాల్సిందే. పద్దు చూపిస్తే మాత్రం దాని మీద వేలు పెట్టి, ‘ఇదేమిటి, ఆ వారం మేం ఊళ్లోనే లేం, బెల్లం ఎవరు తీసుకెళ్లారు?’ అని అడగొచ్చు. వేలు పెట్టి అడగడానికి వీలుండటమే ఈ మాటలోని అసలు గుణం. శాసనసభలో ఇది ఇంత చక్కగా అమరడానికి కారణం కూడా అదే.

మన రాజ్యాంగంలో బడ్జెట్ అనే మాట లేదు. కేంద్రానికి 112వ అధికరణం, రాష్ట్రాలకు 202వ అధికరణం ‘వార్షిక ఆర్థిక వివరణ’ గురించే చెబుతాయి. అందులోని ఖర్చును ప్రభుత్వం అంశాలవారీగా విడగొట్టి, ‘ఈ పనికి ఇంత డబ్బు కావాలి, అనుమతించండి’ అని సభను అడగాలి. సభ ఒప్పుకుంటేనే ఖజానా తెరుచుకుంటుంది. 113, 203 అధికరణాల్లో ఉన్నది ఈ అడగడమే. దీన్ని ఇంగ్లీషులో డిమాండ్ అన్నారు, మన పత్రికలు పద్దు అన్నాయి. మీరు చదివిన ‘విద్యాశాఖ పద్దు’ ఇదే.

డిమాండ్‌ని అలాగే ఉంచేస్తే సరిపోయేది కదా అని మీకు అనిపించవచ్చు. తెలుగులో డిమాండ్ చేయడం అంటే గట్టిగా పట్టుబట్టడం. ధర్నా చేసేవాళ్లు డిమాండ్ చేస్తారు, యూనియన్లు డిమాండ్ చేస్తాయి, ప్రతిపక్షం డిమాండ్ చేస్తుంది. సభలో మాత్రం డిమాండ్ పెట్టేది మంత్రి. ఆయన పట్టుబట్టడు, చెయ్యి చాపుతాడు. సభా వ్యవహారాల్లో ‘గ్రాంట్ల కోసం అభ్యర్థనలు’ అనే మాట కూడా ఉంది. అర్థాన్ని బట్టి చూస్తే అది చాలా సరైన మాటే గానీ, అభ్యర్థన వినగానే డబ్బు లెక్క గుర్తుకు రాదు. పద్దు వినగానే వస్తుంది. అందుకే నా ఓటు పద్దుకే.

ఇక ‘రాష్ట్ర పద్దు’. ఇక్కడ మొత్తం బడ్జెట్‌నే పద్దు అంటున్నారు. శీర్షికలో చోటు కలిసివస్తుందని మొదలైన వాడుక ఇది. నాకు నచ్చదు. పుస్తకంలోని ఒక వరసకు ఉన్న పేరును పుస్తకం మొత్తానికి పెడితే, వరసను వేలు పెట్టి చూపించడానికి మాట మిగలదు. బడ్జెట్ అనే మాట చదువు రానివాళ్ల నోట కూడా నలిగిపోయింది. దాన్ని అలాగే వాడుకోవచ్చు.

మూడోది ప్రజా పద్దుల సంఘం, అందరూ పీఏసీ అనేది. ఇక్కడి పద్దులు ఖర్చయిపోయిన డబ్బువి. మంత్రి అడిగిన డబ్బును సభ ఇచ్చింది, శాఖలు ఖర్చు పెట్టాయి. ఇచ్చింది దేనికి, పెట్టింది దేనికి అని కాగ్ తనిఖీ చేసి నివేదిక ఇస్తుంది. ఆ నివేదికను ముందు పెట్టుకుని ఈ సంఘం అధికారులను పిలిచి అడుగుతుంది. పార్లమెంటు పీఏసీలో 22 మంది ఉంటారు, లోక్‌సభ నుంచి 15 మంది, రాజ్యసభ నుంచి ఏడుగురు. మంత్రులకు ఇందులో సభ్యత్వం లేదు. 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుణ్నే అధ్యక్షుడిగా పెట్టడం ఆనవాయితీ.

అంటే మార్చిలో చర్చకు వచ్చే పద్దు ఖర్చుకు ముందుది, పీఏసీ చూసే పద్దు ఖర్చు తర్వాతిది. మాట ఒకటే కావడం లోపమని నేను అనుకోను. కొట్టాయన రాసిన పద్దు, తర్వాత మనం సరిచూసుకునే పద్దు ఒకటే కదా! కాకపోతే వార్త రాసేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ సంఘం మామూలుగా మంత్రులను పిలవదు, శాఖల అధికారులనే పిలుస్తుంది. కాబట్టి ‘పీఏసీ మంత్రిని నిలదీసింది’ అని రాస్తే వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది, వార్త తప్పుతుంది.

మీ మాస్టారి అభ్యంతరానికి వద్దాం. ‘ప్రజ’ అని పొట్టిగా పలికితే తెలుగు రూపం. ‘ప్రజా’ అనే దీర్ఘాంతం సంస్కృత రూపం, దాని పక్కన సంస్కృత పదమే రావాలని పాత నియమం. ప్రజాధనం, ప్రజాపాలన అలాంటివి. పద్దు తెలుగు మాట కనుక ‘ప్రజా పద్దు’ వైరి సమాసం అవుతుంది. ఆ కొలతతో చూస్తే మాస్టారు చెప్పింది నిజం. ‘ప్రజల పద్దుల సంఘం’ అంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. అయితే ప్రజాకూటమి లాంటి మాటలను మనం ఎప్పుడో ఒప్పుకున్నాం. ఇన్నేళ్లుగా జనం నోట నానిన పేరును ఇప్పుడు మార్చాలని నేను చెప్పను. పరీక్షలో వైరి సమాసానికి ఉదాహరణ అడిగితే మాత్రం నిక్షేపంగా రాయండి.

పద్దుల దగ్గరే ఇంకో మాట ఉంది. మీరు అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే పత్రికల్లో దీన్ని రెండు ముక్కల్లో తేల్చేస్తుంటారు. అది కోత తీర్మానం. పద్దును సభ ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు, తగ్గించవచ్చు. పెంచే అధికారం మాత్రం సభకు లేదు. అందుకే కోత తీర్మానం ఉంది గానీ పెంపు తీర్మానం లేదు. లోక్‌సభ నియమాల్లో ఈ కోత మూడు రకాలు. శాఖ విధానమే తప్పని చెప్పాలంటే ‘ఈ పద్దును ఒక్క రూపాయికి తగ్గించాలి’ అంటారు. దుబారా జరుగుతోందని చెప్పాలంటే ఫలానా ఇంత మొత్తం తగ్గించాలంటారు. ఏదైనా ఒక ప్రత్యేకమైన ఫిర్యాదు వినిపించాలంటే ‘100 రూపాయలు తగ్గించాలి’ అంటారు.

ఈ మూడోది చూడండి. ఒక సభ్యుడి నియోజకవర్గంలో ఆసుపత్రికి డాక్టరు లేడు. ఆయనకు కావలసింది ఇంకో డాక్టరు, అంటే ఇంకాస్త ఖర్చు. కానీ పెంచమనే తీర్మానం పెట్టే దారి లేదు. అందుకని వైద్యశాఖకు 100 రూపాయలు తగ్గించాలని తీర్మానం ఇచ్చి, ఆ 100 రూపాయల చాటున ఆసుపత్రి గోడు చెప్పుకుంటాడు. ‘వైద్యానికి నిధులు తగ్గించాలన్న ఎమ్మెల్యే’ అని శీర్షిక పెడితే ఆయనకు ఎంత అన్యాయం జరుగుతుందో ఆలోచించండి! ‘నామమాత్రపు కోత’ అని ఒక్క మాట కలిపితే చాలు, చదివేవాళ్లకు విషయం అందుతుంది.

ఇప్పుడు క్రియలు. అడిగారు, ప్రశ్నించారు, నిలదీశారు, మూడూ మంచి తెలుగే. ఏది సరైనదన్నది సభలో జరిగినదాన్ని బట్టి ఉంటుంది.

‘అడుగు’ అన్నిటికన్నా సాదా మాట. సమాచారం కోసం అడుగుతాం, డబ్బు కోసమూ అడుగుతాం. మంత్రి పద్దు అడుగుతాడు, సభ్యుడు లెక్క అడుగుతాడు. ప్రశ్నోత్తరాల సమయంలో జరిగేదానికి నూటికి తొంభై సార్లు ఈ మాట సరిపోతుంది. లోక్‌సభలో ఆ సమయం పొద్దున 11 నుంచి 12 దాకా. రోజుకు 20 ప్రశ్నలకు నక్షత్రం గుర్తు ఉంటుంది. వాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకూ బదులివ్వాలి. మరో 230 ప్రశ్నలకు ఆ గుర్తు ఉండదు, జవాబు కాగితం మీదే వస్తుంది. అందుకే మొదటి రకానికి ‘జవాబు చెప్పారు’ అని, రెండో రకానికి ‘రాతపూర్వకంగా జవాబు ఇచ్చారు’ అని రాస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. నక్షత్రానికి బదులు ‘చుక్క గుర్తు’ అనవచ్చా అని ఇదివరకు కొందరు అడిగారు. చుక్క అంటే బిందువు కూడా కదా, అందుకని నక్షత్రమే మేలు.

‘ప్రశ్నించు’ సంస్కృతంలో ఉట్టి అడగడమే అయినా తెలుగులో దానికి కొంచెం ఎదిరింపు అంటుకుంది. ‘నన్నే ప్రశ్నిస్తావా?’ అనే మాటలో వినిపించేది అదే. మీ జిల్లాలో ఎన్ని బడులకు ప్రహరీ గోడలు ఉన్నాయన్నది అడిగే విషయం. డబ్బు మంజూరైనా గోడలు ఎందుకు లేవలేదన్నది ప్రశ్నించే విషయం.

‘నిలదీయడం’ ఇంకా బరువైనది. దీనిలో ‘నిలుపు’, ‘నిలబడు’ మాటల్లోని ‘నిల’ ఉంది. తప్పుకుని పోతున్నవాణ్ని కదలకుండా నిలబెట్టి అడగడం నిలదీయడం. అంటే ఎదుటివాడు అంతకుముందు తప్పించుకుని ఉండాలి, అడిగేవాడి చేతిలో ఆధారం ఉండాలి. దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ ఫిరోజ్ గాంధీ. 1956లో ఏర్పడిన ఎల్ఐసీ, ఆ మరుసటి ఏడాదే హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో సుమారు 1.24 కోట్ల రూపాయలు పెట్టింది. అది పాలసీదారుల డబ్బు. 1957 డిసెంబరులో ఫిరోజ్ గాంధీ లోక్‌సభలో దీన్ని వివరాలతో సహా బయటపెట్టారు. ఆయన అధికార పార్టీ సభ్యుడు, పైగా ప్రధాని నెహ్రూకి అల్లుడు. జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. దాన్ని నిలదీయడం అనాలి. ప్రతి అనుబంధ ప్రశ్ననూ ‘నిలదీశారు’ అని రాసేస్తే, నిజంగా నిలదీసిన రోజున రాయడానికి మాట ఉండదు. ఈ మాట మీద నాకు అంత మమకారం, దాన్ని అరగదీయకండి.

విభక్తుల దగ్గరా కొందరు పొరబడుతుంటారు. మంత్రిని అడిగారు, మంత్రిని ప్రశ్నించారు, మంత్రిని నిలదీశారు. మంత్రికి ప్రశ్న వేశారు. మంత్రి సభకు జవాబుదారీ. సభలో మాత్రం ‘మంత్రిగారూ, మీరు చెప్పండి’ అని నేరుగా అనరు. ‘అధ్యక్షా’ అని స్పీకర్‌ని సంబోధించి, ‘మంత్రిగారు చెప్పాలి’ అని ప్రథమ పురుషలో మాట్లాడతారు. అడిగేది ఒకరిని, పిలిచేది ఇంకొకరిని. కోపం ముదిరినప్పుడు ఆ ‘గారు’ పోయి ‘నువ్వు’ వస్తుంది, ఆ రోజు వార్త మారిపోతుంది.

జవాబుదారీ దగ్గరే ఒక అక్షర దోషం చెప్పి ముందుకెళ్తాను. మంత్రివర్గం మొత్తం శాసనసభకు బాధ్యత వహించాలని 164వ అధికరణం చెబుతుంది. దాన్ని ‘సమిష్టి బాధ్యత’ అని రాస్తున్నారు, పాఠ్యపుస్తకాల్లో కూడా. ‘సమష్టి’ సరైనది. నోరు తిరగకపోతే ‘ఉమ్మడి బాధ్యత’ అనండి, హాయిగా ఉంటుంది.

ఇక వాయిదా. అరబీలో మాట ఇవ్వడాన్ని ‘వాదా’ అంటారు. ‘ఫలానా రోజున చెల్లిస్తాను’ అని ఇచ్చిన మాట గడువు అయింది, గడువు కాస్తా తర్వాతి రోజుకు జరపడం అయింది. మనకు వాయిదాల్లో కట్టడమూ ఉంది, వాయిదా వేయడమూ ఉంది. వాయిదా తీర్మానం మాటలకు ‘సభ ఇప్పుడు వాయిదా పడాలి’ అనే అర్థం ఉన్నా, దాన్ని ఇచ్చేవాళ్లకు ఇంటికెళ్లాలని ఉండదు. ఈ రోజు అనుకున్న పనులు పక్కన పెట్టి ఈ అత్యవసర విషయం చర్చించండి అని వాళ్లు కోరుతున్నారు. పంట మునిగిన రోజునో, కలుషిత నీళ్లు తాగి జనం ఆసుపత్రి పాలైన రోజునో ఇలాంటి తీర్మానం వస్తుంది. స్పీకర్ దాన్ని తిరస్కరించారంటే, ఆ చర్చను అలా తీసుకోవడం కుదరదన్నారని అర్థం. సభ మామూలు పనులతో నడుస్తుంది. ఆ తర్వాత సభ్యులు పోడియం దగ్గరికి వెళ్లి, గొడవ జరిగి, పది నిమిషాలో అరగంటో సభ ఆగిపోతే, అది వేరే వాయిదా.